గోల్‌పోస్టు వెనక గడ్డి

ఓసారా రాష్ట్ర విశ్వవిద్యాలయం గత విద్యాసంవత్సరంలో అన్ని రంగాల్లోనూ అద్భుతమైన ప్రగతి సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అన్ని రంగాలు అంటే దాడి చేసే వరస, అడ్డుకునే వరస, బంతిని తన్నే దళం. చరిత్ర, భౌతికశాస్త్రం, వృక్షశాస్త్రం వగైరాల్లో ప్రగతి ఎలా ఉందో సమాచారం ఇంకా అందాల్సి ఉంది. ఆ విభాగాలవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. ఫోన్లు తీసేశాం మరి.

నేను ఈ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఆకర్షణ విభాగానికి ఉపసంచాలకుణ్ణి. పేరు వెండెల్. బడి చదువు ముగించుకున్న పిల్లలకు మామీద మనసు పుట్టించడం నా ఉద్యోగం. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే మా ఫుట్‌బాల్ జట్టు గెలిస్తే దరఖాస్తులు పెరుగుతాయి, ఓడితే తగ్గుతాయి. మధ్యలో చదువనేది ఒకటి ఉంది గానీ, దానివల్ల మాకు ఇంతవరకు పెద్ద నష్టమేమీ రాలేదు. ఒక్కసారి మాత్రం వచ్చింది. మా రసాయనశాస్త్ర ఆచార్యుడొకాయన ఏదో కనిపెట్టి, దేశమంతా చెప్పుకునే బహుమతి తెచ్చుకున్నాడు. ఆ ఏడు మా జట్టు వరసగా ఓడింది, దరఖాస్తులు పాతాళానికి పడ్డాయి. రెంటికీ సంబంధముందని ఎవరూ నిరూపించలేదు. అయినా ఆయన్ని మర్యాదగా పిలిచి, ఇంకోసారి అలాంటి పని పెట్టుకోవద్దని చెప్పాం.

మా జట్టు పేరు పోరాట కోళ్లు. ఈ పచ్చిక మైదానాల్లో తిరిగే అడవికోడి మా రాష్ట్ర పక్షి. వసంతంలో పుంజు మెడకింది సంచులు ఉబ్బించి బూమ్ అని కూస్తుంది. అందుకే మా స్టేడియంలో ఊరు ఊరంతా కూర్చుని ఒక్క గొంతుతో బూమ్ అంటుంది. అసలు కోడి ఈ జిల్లాలో కనబడి చాలా ఏళ్లయింది. కోడి వేషం కట్టిన కుర్రాడు ప్రతి శనివారమూ కనబడుతున్నాడు కనక ఎవరికీ లోటు తెలియడం లేదు.

చేరబోయే పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ ప్రాంగణమంతా తిప్పి చూపించడం మా విభాగం పనే. తిప్పే కుర్రాళ్లు వచ్చినవాళ్ల ముఖాలు చూస్తూ మాట్లాడాలి కాబట్టి వెనక్కి నడుస్తారు. ఎటు పోతున్నామో చూసుకోకుండా, చిరునవ్వు చెదరకుండా వెనక్కి నడవడంలో మా విశ్వవిద్యాలయాన్ని మించింది లేదని అందరూ ఒప్పుకుంటారు. ఈ యాత్ర స్టేడియం దగ్గర మొదలై, కండలు పెంచే హాలు, ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది, కంచుకోడి విగ్రహం మీదుగా మళ్లీ స్టేడియం దగ్గరే ముగుస్తుంది. గ్రంథాలయం దూరంగా చెట్ల మధ్య కనిపిస్తుంది, అటు చెయ్యి చూపిస్తారు. ఒకసారి ఒక తల్లి, "ఇంతకీ పాఠాలెక్కడ చెబుతారు బాబూ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మేం తర్ఫీదు ఇవ్వలేదు. కుర్రాడు కంగారుపడి, నవ్వు మాత్రం వదలకుండా, వెనక్కి వెనక్కి నడిచి ఫౌంటెన్‌లో పడ్డాడు. వెంటనే తగిన చర్య తీసుకుని ఫౌంటెన్‌కు కంచె వేయించాం.

మా అధ్యక్షులు డాక్టర్ క్లేటన్ వూల్సీగారికి ఇష్టమైన ఉపన్యాసం ఒకటుంది. పెళ్లిలోనైనా, సంతాప సభలోనైనా అదే చేస్తారు. "మిత్రులారా! విశ్వవిద్యాలయం ఒక ఇల్లయితే ఆటలు దాని వీధి అరుగు. దారిన పోయేవాడు ముందు చూసేది అరుగునే. అరుగు చూడముచ్చటగా ఉంటే కాసేపు కూర్చుంటాడు. కూర్చున్నవాడు లోపలికి రాకపోతాడా?" అంటారు. ఈ సూత్రం ప్రకారం మేం అరుగును ఏటేటా పెంచుకుంటూ వస్తున్నాం. నిరుడు పెంచినప్పుడు తత్వశాస్త్ర భవనం అడ్డొచ్చింది. అంతకుముందు సంగీత విభాగం అడ్డొచ్చింది. ఎవరూ పెద్దగా గొడవ చేయలేదు. అరుగు మీద చోటు దొరికింది కదా అని అందరూ సర్దుకున్నారు.

ఈసారి అడ్డొచ్చింది గడ్డి.

స్టేడియం దక్షిణపు గోల్‌పోస్టు వెనక, గోడకు ఆనుకుని, నాగలి ఎరగని నేల కొంత ఉండేది. ఒకప్పుడు ఈ రాష్ట్రమంతా అలాగే ఉండేదట. తర్వాత మొక్కజొన్న వచ్చింది, ఆ తర్వాత పికప్ ట్రక్కులమ్మే షోరూములు వచ్చాయి. విశ్వవిద్యాలయం పుట్టిన నాటినుంచీ వృక్షశాస్త్రంవాళ్లు ఆ గడ్డిని కొలుస్తున్నారు, ప్రతి వసంతంలోనూ దగ్గరుండి తగలబెడుతున్నారు. తగలబెడితేనే అది బతుకుతుందట. కాల్చకపోతే తుప్పలూ చెట్లూ వచ్చి మింగేస్తాయట. బూడిదలోంచి కొద్దివారాల్లోనే పచ్చగా లేచి, చలి మొదలయ్యేసరికి మనిషెత్తు పెరిగి, రాగి రంగుకు తిరుగుతుంది. దానికి ఒక పేరు కూడా ఉంది. నిజానికి నాకు గుర్తుండాలి. నేను చదివింది వృక్షశాస్త్రమే, ఆ పాఠం చెప్పింది డాక్టర్ లవాన్ స్టకీగారే. కానీ ఆ సెమిస్టర్‌లో నాకు గుర్తున్నదల్లా ఆఖరి నిమిషంలో మావాళ్లు బంతితో అవతలి గీత దాటి కొట్టిన టచ్‌డౌన్.

స్టకీగారు పొట్టి మనిషి. తలమీద ఎండుగడ్డి టోపీ, కాళ్లకు రబ్బరు బూట్లు. వయసులో ఉండగా ఆ గడ్డిలోకి దిగారనీ, ఇంతవరకు బయటికి రాలేదనీ వెనక చెప్పుకునేవాళ్లం. ఆవిడకు పిల్లల్లేరు, కుక్క లేదు, కేబుల్ కనెక్షన్ లేదు. ఆ గడ్డి ఉంది.

ఆ చోటు మీద కన్నేసినవాడు బర్ల్ హాగర్టీ. రాష్ట్రంలో సగం పికప్ ట్రక్కులు ఆయన అమ్మినవే. ఆటరోజు తెల్లవారకముందే మా జనం స్టేడియం చుట్టూ ట్రక్కులు ఆపి, వెనక తలుపులు దించి, పొయ్యిలు పెట్టి, మాంసం కాల్చుకుంటూ బీరు తాగుతూ ఆట మొదలయ్యేదాకా పండగ చేసుకుంటారు. హాగర్టీ తెచ్చే పొగపొయ్యి చిన్నసైజు రైలింజనంత ఉంటుంది. అది పెట్టుకోవడానికి గోల్‌పోస్టుకు దగ్గరలో చోటు కావాలని ఆయన కోరాడు. దాత కోరిక సమంజసంగా ఉందని అరుగు విస్తరణ సంఘం ఏకగ్రీవంగా భావించి, గడ్డి లేపేసి తారు పోయాలని ప్రతిపాదించింది. నియమం ప్రకారం అభ్యంతరాలు కూడా వినాలి కాబట్టి స్టకీగారిని పిలిపించింది.

ఆవిడ చేతిలో ఒక మట్టిగడ్డ పట్టుకుని వచ్చారు. దానికి వేళ్లు జడల్లా వేలాడుతున్నాయి.

"దీని వేళ్లు మీరు కూర్చున్న ఈ భవనం పునాదికన్నా లోతుకు పోతాయి," అన్నారు. "ఈ జిల్లాలో మిగిలింది ఈ ముక్కొక్కటే. ఒక్కసారి పెళ్లగిస్తే పోయినట్టే. తిరిగి రమ్మంటే రాదు."

"భలేదానివమ్మా!" అన్నాడు హాగర్టీ. "మా పెరట్లో ఉన్నదీ గడ్డేగా? వారం వారం కోయలేక చస్తున్నా. రాకపోవడమేంటి, పొమ్మన్నా పోదు!"

సంఘం సభ్యులు హాయిగా నవ్వారు. వూల్సీగారు సానుభూతితో ముందుకు వంగారు.

"డాక్టర్ స్టకీ, మీ కృషంటే మాకు ఎంతో గౌరవం. ఒక్క చిన్న సందేహం. మీ గడ్డి శనివారాల్లో ఏం చేస్తుంది?"

"పెరుగుతుంది."

"అది సరే. ఆటకు సంబంధించి ఏం చేస్తుందని?"

ఆవిడ ఏం చెప్పాలో తోచక నిలబడ్డారు. సంఘం ఆ మౌనాన్ని సమాధానంగా నమోదు చేసుకుంది. నార్త్‌ఫోర్క్ టెక్‌తో ఆట అయ్యాక తుది నిర్ణయం తీసుకుందామని అందరూ లేచారు. నార్త్‌ఫోర్క్ టెక్ అంటే పక్క రాష్ట్రంవాళ్లు. వాళ్ల చేతిలో ఓడిపోవడం మాకు ఏటా ఆనవాయితీ. వాళ్ల మీద చివరిసారి గెలిచిన నాటి సంగతి చెప్పాలంటే ముసలివాళ్లను వెతకాలి.

వరండాలో ఆవిడ నన్ను పట్టుకున్నారు. "వెండెల్, నువ్వు నా దగ్గర చదివావు. దీని పేరేమిటో చెప్పు చూద్దాం."

"మేడమ్, నాకు మీటింగుంది."

"చదువుకున్న నీకే గుర్తులేకపోతే వాళ్లనేం అనగలను?"

ఆ మాట కాస్త గుచ్చుకున్న మాట నిజం. అందుకే ఆవిడకు మా విభాగం తరఫున ఉచితంగా ఒక సలహా ఇచ్చాను. "ఇక్కడ ఎవరి మాట చెల్లుతుందో మీకు తెలీనిదేముంది మేడమ్? వేళ్ల గురించి వాళ్లకు చెప్పి ఏం లాభం? వెళ్లి కోచ్‌తో మాట్లాడండి. అదీ, కోచ్‌కి అర్థమయ్యేలా."

కోచ్ రాండల్ పీట్ మా రాష్ట్రంలో అందరికన్నా పెద్ద అధికారి. ఆయన గదిలోకి వస్తే గవర్నర్ లేచి నిలబడతాడు. ఆట విషయంలో ఆయనది పూర్తిగా శాస్త్రీయ దృక్పథం. గెలిచిన రోజు ఏ మేజోళ్లు తొడుక్కున్నాడో మళ్లీ ఓడేదాకా అవే తొడుగుతాడు, ఉతకడు. ఓడితే మళ్లీ గెలిచేదాకా గడ్డం తీయడు. ఆటరోజు పొద్దున అరటిపండు శాండ్‌విచ్ నిలబడి తింటాడు, ఆఖరి ముక్క కోడివేషం కుర్రాడికి పెడతాడు. మేం వెళ్లేసరికి ఆయన గడ్డం ఛాతీ దాకా వచ్చింది.

స్టకీగారు కుర్చీ అంచున కూర్చున్నారు. గడ్డిపరకను వెంట్రుకవాసి తప్పు కొలిస్తే మళ్లీ మొదటినుంచీ కొలిపించే మనిషి. జీవితంలో అబద్ధమాడిన అలవాటు లేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"నార్త్‌ఫోర్క్‌ని మనం ఆఖరిసారి ఓడించిన రోజు పొద్దున," అన్నారు నేలకేసి చూస్తూ, "జట్టంతా ఆ గడ్డిలో ఉత్తకాళ్లతో నడిచిందండీ. మా గురువుగారు కళ్లారా చూశారు."

కోచ్ లేచి వెళ్లి తలుపు వేసొచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఎటునుంచి ఎటు నడిచారు డాక్టర్‌గారూ?"

"తూర్పునుంచి... పడమటికి."

"ముందు ఏ కాలు?"

"ఎడమ."

"హెల్మెట్లు పెట్టుకునా, తీసా?"

ఆవిడ నావైపు దిక్కుతోచనట్టు చూశారు. నేను తలమీద చెయ్యి పెట్టి తీసేసినట్టు సైగ చేశాను. "తీసి," అన్నారు ఆవిడ.

"ఇంత పెద్ద విషయం ఇన్నేళ్లూ నాకు ఒక్కడూ చెప్పలేదు చూడండి!" అన్నాడు కోచ్. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇందుకేనమ్మా చదువుకున్నవాళ్లు కావాలనేది."

శనివారం సూర్యుడు లేస్తుండగా మా జట్టు మొత్తం, ఒక్కొక్కడూ ఎద్దంత కుర్రాడు, హెల్మెట్లు చంకలో పెట్టుకుని, బూట్లు విప్పి, మంచులో తడిసిన ఆ గడ్డిలో తూర్పునుంచి పడమటికి ఎడమకాలు ముందుపెట్టి నడిచింది. ఒకడికి తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్మితే మంచిదేనా అని కోచ్ స్టకీగారిని అడిగించాడు. మంచిదేనని ఆవిడ కబురు పంపారు. అలవాటైతే అబద్ధం కూడా సులువే.

ఆ సాయంత్రం మేం గెలిచాం. ఆఖరి క్షణంలో ఫీల్డ్‌గోల్ కోసం తన్నిన బంతి గోల్‌పోస్టుకు తగిలి, ఆలోచించి, లోపలికి పడింది. జనం కంచెలు దూకి మైదానంలోకి ఉరికారు. మా ఆచారం ప్రకారం గోల్‌పోస్టులు పెళ్లగించి, భుజాల మీద మోసుకుంటూ ఊరేగించి, నదిలో కలిపారు. వైద్యకళాశాల డీనుగారు చొక్కా విప్పి గాల్లో తిప్పుతూ ముందు నడిచారు. టీవీవాళ్లు మైకు పెట్టగానే కోచ్ ఒకే మాట అన్నాడు. "మేం గెలవలేదు. ఆ గడ్డి గెలిపించింది."

తారు పోసే ప్రతిపాదన ఆ మర్నాడే రద్దయింది. హాగర్టీ స్టకీగారిని వెతుక్కుంటూ వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, "అమ్మా, నీ గడ్డి మీద ఎవడైనా చెయ్యేస్తే వాణ్ణి నా ట్రక్కుతో తొక్కిస్తా!" అని ఏడ్చాడు. వూల్సీగారు మా ప్రాచీన సంప్రదాయమని దాన్ని ప్రకటించారు. ఎంత ప్రాచీనమని విలేకరి అడిగితే, "చాలా," అన్నారు. అందరూ వెళ్లిపోయాక స్టకీగారు ఆ గోడకు చేరగిలబడి, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఆవిడను చూస్తే నాకూ సంతోషమేసింది. ఇది మాత్రం ఉద్యోగ ధర్మంగా చెబుతున్న మాట కాదు.

ఆ గడ్డి మా యాత్రలో చేరింది. చదువుకు సంబంధించిన స్థలం ఒకటి మా యాత్రలో చేరడం చరిత్రలో అదే మొదలు. స్టకీగారు తల నున్నగా దువ్వుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని అక్కడ నిలబడేవారు. వచ్చిన పిల్లలకు వేళ్ల గురించీ, అగ్గి గురించీ, ఈ గడ్డిలో గుడ్లు పెట్టిన అసలు కోళ్ల గురించీ ఎంతో ఆశగా చెప్పేవారు. వాళ్లు శ్రద్ధగా విని, "ఇందులో టచ్‌డౌన్ గడ్డేది, ఫీల్డ్‌గోల్ గడ్డేది?" అని అడిగేవారు. తర్వాత వంగి తలో పరకా పీక్కునేవారు. పరీక్షలున్నవాళ్లు రెండు పీక్కునేవారు.

ఇక్కడ మా విభాగం చొరవ గురించి చెప్పకపోతే అన్యాయం. సీటు వచ్చిన ప్రతి విద్యార్థికీ ఆ గడ్డిపరక ఒకటి ప్లాస్టిక్ పొరలో పెట్టి, అభినందనల కవరులో పంపాలన్నది నా ఆలోచన. అద్భుతంగా పారింది. దరఖాస్తులు వరదలా వచ్చిపడ్డాయి. సీటు వచ్చినా చేరనివాళ్లు సైతం కవరు ఉంచుకున్నారు. గవర్నర్ తన కోటు జేబుకు తగిలించుకున్నాడు. శాసనసభలో ప్రతిపక్షం తమకూ గడ్డి కావాలని వాకౌట్ చేసింది. నాకు పదోన్నతి వచ్చింది.

వసంతం వచ్చింది. స్టకీగారు ఎప్పటిలాగే నూనె కాగడా, తడిపిన గోనెసంచులు, నలుగురు విద్యార్థులను తీసుకుని గడ్డి కాల్చడానికి వచ్చారు. అక్కడ కాపలావాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు హాగర్టీ, పొట్ట మీద చేతులు కట్టుకుని.

"మతి పోయిందా అమ్మా? మా అదృష్టానికి నిప్పు పెడతావా?"

"కాల్చకపోతే చచ్చిపోతుందయ్యా!"

"కాలిస్తే బతుకుతుందా? నేను పొద్దస్తమానం మాంసం కాలుస్తా. ఒక్కటీ లేచి రాలేదే!"

"నిరుడు దీన్ని లేపేసి తారు పోయమన్నది నువ్వే కదా!"

"అప్పుడు దాని విలువ తెలీదమ్మా," అన్నాడు హాగర్టీ, ఎంతో వినయంగా.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. పవిత్ర వారసత్వ సంపదకు నిప్పంటించడం శిక్షార్హం. గడ్డికి నాలుగు వైపులా అగ్నిమాపక సిలిండర్లు అమర్చారు. స్టేడియం లోపలి పచ్చికకు వాడే ఎరువు చల్లి, రోజూ నీళ్లు పెట్టారు. ఆ గడ్డికి ఎరువు పడదట. ఎరువు బలానికి కలుపు ఏపుగా లేచింది. దేవదారు మొలకలు వచ్చాయి. జనం వాటిని చూసి, గడ్డికి కాపలాగా దేవుడే పంపాడన్నారు. పీకేవాళ్లు పీకుతూనే ఉన్నారు, మా కవర్లు పోతూనే ఉన్నాయి. చలి మొదలయ్యేసరికి మనిషెత్తు ఉండాల్సింది మోకాలి దాకా కూడా రాలేదు. రాగి రంగు లేదు. ఎవరో మంచి మనసుతో రాగి రంగు స్ప్రే కొట్టించారు.

స్టకీగారు మళ్లీ కోచ్ దగ్గరికి వెళ్లారు. ఈసారి నన్ను రమ్మనలేదు, నేనే వెళ్లాను.

"నేను అబద్ధం చెప్పాను," అన్నారు కూర్చోకుండానే. "ఆ రోజు ఎవరూ ఆ గడ్డిలో నడవలేదు. మా గురువుగారు ఏమీ చూడలేదు. దయచేసి దాన్ని కాల్చనివ్వమని చెప్పండి."

కోచ్ నున్నటి గడ్డం తడుముకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. "డాక్టరమ్మా, మీరు సైన్సు మనిషి, మీకు నేను చెప్పాలా? ఏళ్ల తరబడి నడవలేదు, ఓడాం. ఒక్కసారి నడిచాం, గెలిచాం. దీన్ని మీవాళ్లు ఏమంటారు?"

"యాదృచ్ఛికం అంటారు."

"మావాళ్లు రుజువంటారు," అన్నాడు కోచ్. "మీ మీద నాకు గురి ఎక్కువ. మీరు అబద్ధం చెప్పినా నిజమైపోయింది చూడండి."

మళ్లీ నార్త్‌ఫోర్క్ టెక్ వచ్చింది, ఈసారి కూడా మా ఊరికే. పొద్దున జట్టు గడ్డిలో నడిచింది. గడ్డి కనబడక కొందరు కలుపులో నడిచారు. ఆట సగమయ్యేసరికి స్కోరు సమంగా ఉంది. విరామంలో స్టకీగారిని మైదానం మధ్యకు పిలిచి, బంగారుపూత గడ్డిపరకలు అతికించిన హెల్మెట్ తలకు తొడిగి, సన్మానించారు. వృక్షశాస్త్రానికి ఇంత గౌరవం ఇచ్చిన విశ్వవిద్యాలయం మరొకటి లేదని వూల్సీగారు ప్రకటించారు. వృక్షశాస్త్ర విభాగాన్ని ఉద్యానవన నిర్వహణలో కలిపేసిన సంగతి ఆ సందర్భంలో ప్రస్తావించలేదు. తర్వాత ఆవిడ చేతికి మైకు ఇచ్చారు.

హెల్మెట్ పెద్దదై కళ్ల మీదికి జారుతోంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని మాట్లాడారు.

"ఆ గడ్డికి ఏ శక్తీ లేదు. నేను అబద్ధం చెప్పాను. దాన్ని బతికించుకోవాలని చెప్పాను, నేనే చంపుకున్నాను. దానికి మీ మొక్కులు వద్దు, మీ నీళ్లొద్దు. అగ్గి కావాలి. దయచేసి పీకడం ఆపండి. వసంతంలో ఒక్కరోజు, ఒక్క పూట, నన్ను దాన్ని కాల్చుకోనివ్వండి."

బ్యాండువాళ్లు బాకాలు కిందికి దించారు. ఒక్క క్షణం, నిజంగానే ఒక్క క్షణం, వాళ్లు విన్నారనుకున్నాను.

వూల్సీగారు చప్పున మైకు అందుకున్నారు. "చూశారా మిత్రులారా, ఆవిడ వినయం! గొప్పతనమంతా జట్టుకే వదిలేశారు!"

"బూమ్!" అంది స్టేడియం. బ్యాండు మోగింది. కోడివేషం కుర్రాడు ఆవిడను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. రెండో సగం మొదలైంది.

సోమవారం అరుగు విస్తరణ సంఘం సమావేశమైంది. మా సంఘానికి దూరదృష్టి ఎక్కువ. ఆట ముగియకముందే తీర్మానం రెండు రకాలుగా రాసిపెట్టుకుంది. గెలిస్తే: గడ్డికి శక్తి లేదని డాక్టర్ స్టకీయే సెలవిచ్చారు, అది లేకుండానే మనవాళ్లు గెలవగలరని తేలింది కనక ఆ స్థలంలో తారు పోయాలి. ఓడితే: డాక్టర్ స్టకీ నోటి చలవవల్ల గడ్డి శక్తి పోయింది కనక ఆ స్థలంలో తారు పోయాలి. చివరి వాక్యం రెంటిలోనూ ఒకటే కావడంతో ఆమోదం సులువైంది.

బుల్‌డోజర్ రావడానికి ముందు ఆవిడ పార పట్టుకుని వచ్చారు. స్ప్రే రంగు అంటని మూల ఒకటి మిగిలి ఉంటే అక్కడ తవ్వి, వేళ్లతో సహా మట్టిగడ్డలు తీసి, గోనెసంచుల్లో వేశారు. నేను సంచి మూతి పట్టుకున్నాను. అది నా ఉద్యోగానికి విరుద్ధమే, కానీ ఎవరూ చూడలేదు. పాత కారు వెనక సంచులు సర్దుకుని, వెళ్లేముందు ఒక పరక నా చేతిలో పెట్టి, దాని పేరు మళ్లీ ఒకసారి చెప్పారు. సరిగ్గా అప్పుడే పక్క మైదానంలో బ్యాండువాళ్లు సాధన మొదలుపెట్టారు. మళ్లీ చెప్పమని అడగడం బాగుండదని తల ఊపాను.

ఇప్పుడు అక్కడ నల్లటి తారు మీద హాగర్టీ పొగపొయ్యి దివ్యంగా వెలుగుతోంది. మధ్యలో చాపంత మేర ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచాం. దానికి నీళ్లక్కర్లేదు, అగ్గి అక్కర్లేదు, ఆచార్యులక్కర్లేదు. పీకినా రాదు. పిల్లలు వరసలో నిలబడి దాన్ని తాకి, తల్లిదండ్రులతో ఫొటో దిగి, చేరిపోతున్నారు. మా కుర్రాళ్లు చిరునవ్వుతో దాని మీదుగా వెనక్కి నడుస్తున్నారు. అరుగు ఇప్పుడు చూడముచ్చటగా ఉంది. దాని వెనక ఇల్లు ఎంత మిగిలిందో తీరిక చూసుకుని కొలిపించాలి.

చదువరులారా, మీరు తెలివైనవాళ్లు. మా ఊరివాళ్లలాంటివాళ్లు కారు. ఇంతసేపూ మమ్మల్ని చూసి నవ్వుకున్నారు, మంచిదే. ఆ గడ్డి పేరేమిటని మాత్రం అడగలేదు. స్టకీగారు ఆ మట్టిగడ్డలు పట్టుకుని ఎక్కడికి పోయారో, అవి బతికాయో లేదో అడగలేదు. కానీ రెండో సగంలో ఏమైందో, నార్త్‌ఫోర్క్ మీద నెగ్గారో లేదో చెప్పకుండా ఈ పెద్దమనిషి ముగించేస్తున్నాడేమిటని ఇందాకటినుంచీ మీకు లోపల ఒకటే పీకులాట. నాకు తెలుసు. తెలుసుకోవడమే నా ఉద్యోగం.

మేమే గెలిచాం. ఇరవై నాలుగు, పదిహేడు.

ప్రాణం కుదుటపడిందా? దరఖాస్తులు ఈ నెలాఖరుదాకా తీసుకుంటాం.